ఆటోనగర్ 51 వోల్టుల లిథియం ప్యాకు: కట్టుబడి బాగుంది, ‘ఉబ్బదు’ అన్న హామీతోనే పేచీ

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఆర్డరు మీద లిథియం ప్యాకులు కట్టిచ్చే షాపులు ఉన్నాయి. వాటిలో ఒక షాపు ఇంటి ఇన్వర్టరుకీ సోలారుకీ కట్టిస్తున్న 51.2 వోల్టుల, 280 ఆంపియర్ అవర్ల ప్యాకు గురించి ఈ రివ్యూ. లోపల 16 ప్రిస్మాటిక్ (పెట్టె ఆకారపు) ఎల్‌ఎఫ్‌పి, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ ఎనిమిదేసి చొప్పున రెండు వరసల్లో ఉంటాయి. వరసకి రెండు చివర్లా 12 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేట్లు, నాలుగు ఎం8 త్రెడెడ్ రాడ్లు, మొత్తానికి ఒక బీఎంఎస్, అంటే సెల్స్ వోల్టేజినీ ఛార్జినీ కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్. కాగితం మీద 14.3 యూనిట్ల కరెంటు పడుతుంది. సెల్సే 86 కేజీల పైన తూగుతాయి, రేకు పెట్టెతో కలిపితే వంద దాటుతుంది. పై అంతస్తులో పెట్టించుకునేవాళ్లు మోసే మనుషుల్ని ముందే మాట్లాడుకోవాలి.

షాపువాళ్లు ఇచ్చే కరపత్రం మీద ‘ప్రెస్ ఫిట్టింగ్, సెల్ ఉబ్బదు’ అని అచ్చేశారు. ప్రెస్ ఫిట్టింగ్, అంటే సెల్స్‌ని ప్లేట్ల మధ్య నొక్కి బిగించడం, ఆ మాట నిజం, పనితనం కూడా చాలావరకు బాగుంది. రెండో మాట మాత్రం ఏ ప్యాకు కట్టేవాడూ ఇవ్వలేని హామీ. సెల్ ఎంత ఉబ్బుతుందన్నది దాన్ని తయారుచేసిన ఫ్యాక్టరీలోనే చాలావరకు తేలిపోతుంది. ఆటోనగర్‌లో బిగించే ప్లేటు ఆ పనితనాన్ని కాపాడగలదు గానీ లేని పనితనాన్ని తెచ్చిపెట్టలేదు.

ఉబ్బు రెండు రకాలు

ఒకటి, ఛార్జి ఎక్కినప్పుడు వచ్చి దిగినప్పుడు పోయే ఉబ్బు. నెగెటివ్ ఎలక్ట్రోడ్‌లో ఉండే గ్రాఫైట్ పొరల మధ్య దూరం మామూలుగా 0.335 నానోమీటర్లు. లిథియం వాటి మధ్య దూరి పూర్తిగా నిండేసరికి అది 0.370కి చేరుతుంది, అంటే సుమారు పది శాతం పెరుగుదల. అదే సమయంలో అవతల ఎల్‌ఎఫ్‌పి ఎలక్ట్రోడ్ లిథియాన్ని వదులుకుని ఆరేడు శాతం కుదించుకుంటుంది. ఒకటి పెరిగి ఒకటి తగ్గడం వల్ల లెక్క కొంత సరిపోతుంది గానీ పూర్తిగా కాదు. నిండా ఛార్జి అయిన సెల్ ఖాళీ సెల్ కంటే కాస్త మందంగా ఉండటం రోగం కాదు, దాని స్వభావం. గ్రాఫైట్‌లో సిలికాన్ కలిపిన సెల్స్ అయితే కథ వేరు. సిలికాన్ మూడు రెట్ల వరకు పెరుగుతుంది, అందుకే దాన్ని కొద్ది శాతం మించి కలపడానికి వెనకాడతారు. ఈ ప్యాకులో వాడే రకంలో ఆ బెడద లేదు.

రెండోది, వచ్చి పోకుండా ఉండిపోయే ఉబ్బు. గ్రాఫైట్ మీద ఏర్పడే రక్షణ పొర ఏళ్ల తరబడి మందమెక్కడం, లోపల గ్యాసు పుట్టడం, పూత రేకు నుంచి ఊడిరావడం, లిథియం లోహంగా పేరుకోవడం. డబ్బు పెట్టి కొనేవాడు భయపడాల్సింది దీనికి.

ఫ్యాక్టరీలో తేలిపోయే సంగతులు

గ్రాఫైట్ ముద్దని రాగి రేకు మీద పూతపూసి, ఆరబెట్టి, రెండు పెద్ద రోలర్ల మధ్య నుంచి పంపి నొక్కుతారు. దీన్ని క్యాలెండరింగ్ అంటారు. గ్రాఫైట్ పూతని సాధారణంగా ఘన సెంటీమీటరుకి 1.5 నుంచి 1.65 గ్రాముల సాంద్రత దాకా నొక్కుతారు. ఇంకా గట్టిగా నొక్కితే అదే పెట్టెలో ఎక్కువ ఆంపియర్లు పడతాయని ఆశ పుడుతుంది. కానీ పూరీ ఒత్తాక పిండి కాస్త వెనక్కి లాక్కున్నట్టు, గట్టిగా నొక్కిన పూత కూడా వాక్యూమ్ ఓవెన్‌లో ఎండేటప్పుడూ తర్వాత ఎలక్ట్రోలైట్ (సెల్‌లో పోసే ద్రవం) పీల్చుకున్నప్పుడూ మళ్లీ మందమెక్కుతుంది. అందుకే మంచి ఫ్యాక్టరీలు ఒక్క దెబ్బలో కాకుండా రెండు విడతల్లో నొక్కుతాయి, రోలర్లని వేడిచేసి వాడతాయి, మందాన్ని రోలర్ దగ్గరే కాక ఓవెన్ తర్వాత కూడా కొలుస్తాయి.

గ్రాఫైట్ రేణువు ఆకారం కూడా అంతే ముఖ్యం. రేకుల్లాంటి గ్రాఫైట్‌ని నొక్కితే అన్నీ రాగి రేకుకి సమాంతరంగా పడుకుంటాయి. అప్పుడు ఆ పది శాతం పెరుగుదల అంతా ఒకే దిక్కుకి, అంటే సెల్ మందం వైపుకే వస్తుంది. చిన్న రేణువుల్ని ముద్దగా కలిపి కాల్చి చేసిన కృత్రిమ గ్రాఫైట్‌లో పొరలు అన్ని దిక్కులకీ తిరిగి ఉంటాయి కాబట్టి ఉబ్బు పంచుకుపోతుంది. రేణువులు ఎంతగా పడుకున్నాయో ఎక్స్‌రే పరీక్షలో ఒక సంఖ్యగా తెలుస్తుంది. సెల్ ఫ్యాక్టరీలు గ్రాఫైట్ కొనేటప్పుడే ఆ సంఖ్య అడుగుతాయి.

పూతని పట్టి ఉంచే జిగురు నెగెటివ్ వైపు సీఎంసీ అనే సెల్యులోజ్ పదార్థం, ఎస్‌బీఆర్ రబ్బరు కలిపినది, పాజిటివ్ వైపు పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్. పూతని హడావిడిగా ఎక్కువ వేడి మీద ఆరబెడితే జిగురు ద్రవంతోపాటు పైకి లేచిపోయి, అడుగున రేకు దగ్గర పట్టు తగ్గుతుంది. కొత్త సెల్‌లో ఇది కనిపించదు. వందల సార్లు ఉబ్బి తగ్గాక పూత పొరలుగా లేస్తుంది. లైను వేగం పెంచి ఖర్చు తగ్గించుకున్న చోట సాధారణంగా కనిపించే జబ్బు ఇది.

తేమ సంగతి మరీ మొండిది. ఎలక్ట్రోలైట్‌లో ఉండే లిథియం లవణం నీటితో కలిస్తే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది, నెగెటివ్ ఎలక్ట్రోడ్ దగ్గర నీరు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది. అందుకే సెల్ కట్టే గదిలో గాలి తేమబిందువు (గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) మైనస్ 40 డిగ్రీల దగ్గర ఉంచుతారు, ద్రవం పోసే ముందు సెల్‌ని వాక్యూమ్‌లో వేడిచేసి ఎండబెడతారు. ఇక్కడ చిన్న పొరపాటు జరిగినా ఆ సెల్ నెలల తర్వాత ఎవరి ఇంట్లోనో గ్యాసుతో ఉబ్బుతుంది.

చివరిది ఫార్మేషన్, అంటే మొదటి ఛార్జి. కెపాసిటీలో ఇరవయ్యో వంతు, పదో వంతు కరెంటుతో నెమ్మదిగా ఎక్కిస్తారు. గ్రాఫైట్ మీద రక్షణ పొర అప్పుడే కడుతుంది, ఆ క్రమంలో ఇథిలీన్ లాంటి గ్యాసులు వస్తాయి. ప్రిస్మాటిక్ సెల్‌లో ద్రవం పోసిన రంధ్రాన్ని మూయకుండా దాని గుండా గ్యాసుని లాగేసి, తర్వాత లేజర్‌తో వెల్డ్ చేస్తారు. ఆపైన 45 డిగ్రీల గదిలో కొన్ని రోజులు మాగబెట్టి, మందం, కెపాసిటీ, ఇంటర్నల్ రెసిస్టెన్స్ కొలిచి వేరుచేస్తారు. లెక్క తప్పినవి బి గ్రేడ్ అవుతాయి. అవే మన దగ్గర ‘ఫ్రెష్ సెల్’ పేరుతో చవకగా తిరుగుతాయి.

పెరిగేదానికి చోటు వదలడం కూడా ఫ్యాక్టరీ పనే. 2016లో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లని వెనక్కి తీసుకుంది. 2017 జనవరిలో ఆ కంపెనీ బయటపెట్టిన రెండు కారణాల్లో ఒకటి, ఒక రకం సెల్‌లో మూల దగ్గర చోటు చాలక నెగెటివ్ ఎలక్ట్రోడ్ వంగిపోవడం.

షాపు చేతిలో ఉన్నది: బిగింపు

ఇంత జరిగాక ప్యాకు కట్టేవాడి చేతిలో మిగిలేది బయటి నుంచి సమంగా ఒత్తిడి పెట్టడం. దానివల్ల లోపలి పొరలు ఒకదానికొకటి అంటిపెట్టుకుని ఉంటాయి, బుడగలు మధ్యలో నిలవవు, పూత లేవడం ఆలస్యమవుతుంది. ఇది చిన్న లాభం కాదు. 280 ఆంపియర్ అవర్ల సెల్స్‌లో పేరున్న ఈవీఈ ఎల్‌ఎఫ్280కె డేటాషీట్‌లో సైకిల్ పరీక్ష 300 కేజీల బలంతో బిగించి చేసినదే. సెల్ ముఖం వైశాల్యం సుమారు 355 చదరపు సెంటీమీటర్లు, అంటే చదరపు సెంటీమీటరుకి 850 గ్రాములకి కాస్త అటూ ఇటూ.

ఎనిమిది సెల్స్ వరసగా ఉన్నాయని ఎనిమిది రెట్లు బిగించకూడదు. వరసలో బలం అన్ని సెల్స్ మీదా ఒక్కటే. నాలుగు రాడ్లకి పంచితే రాడ్డుకి 75 కేజీలు. ఎం8 రాడ్డు మీద అంత బలం రావడానికి నట్టుకి కావాల్సిన టార్క్ (తిప్పే బలం) సుమారు 1.2 న్యూటన్ మీటర్లు, ఎం6 అయితే 0.9. వేళ్లతో తిప్పి స్పానర్‌తో కొద్దిగా ఆనించినంత, అంతే. షాపులో టార్క్ రెంచ్ ఉంది గానీ దాని కొలత 5 దగ్గర మొదలవుతుంది. ఎం8 మీద 5 న్యూటన్ మీటర్లు పెడితే రాడ్డుకి 320 కేజీలు, నాలుగింటికి 1,275 కేజీలు. కావాల్సినదానికి నాలుగు రెట్లు. అలా నొక్కితే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య అడ్డుగా ఉండే సెపరేటర్ పొర రంధ్రాలు మూసుకుపోయి లిథియం ఒకచోట దారి దొరక్క లోహంగా పేరుకుంటుంది. ఉబ్బకుండా బిగించబోయి ఉబ్బుకి కొత్త కారణం తెచ్చుకున్నట్టే. ప్రస్తుతం చివరి బిగింపు చేతి అంచనా మీద నడుస్తోంది. పనివాడికి చెయ్యి తిరిగింది కాబట్టి మరీ ఎక్కువ బిగించట్లేదు, కానీ నాలుగు రాడ్లూ ఒకేలా లేవు. నట్టు, మర దగ్గర రాపిడి తేడా వల్ల టార్క్ లెక్కలోనే మూడో వంతు వరకు తప్పు రావచ్చు.

దీనికి విరుగుడు స్ప్రింగులు, అదనంగా అడిగితే వేస్తున్నారు. తప్పకుండా అడగండి. మిల్లీమీటరుకి 3 కేజీల స్ప్రింగు తీసుకుంటే 25 మిల్లీమీటర్లు నొక్కేసరికి 75 కేజీలు వచ్చేస్తుంది. టార్క్ రెంచ్ అక్కర్లేదు, స్కేలు పెట్టి స్ప్రింగు పొడవు చూస్తే చాలు. ఇంకో లాభం కూడా ఉంది. సెల్‌కి అర మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందనుకుంటే ఎనిమిది సెల్స్ వరస 4 మిల్లీమీటర్లు సాగుతుంది. స్ప్రింగు ఉంటే రాడ్డు మీద బలం 75 నుంచి 87 కేజీలకి మాత్రమే పెరుగుతుంది. ఉత్త నట్లతో బిగిస్తే ఆ 4 మిల్లీమీటర్లకి చోటే లేదు, ఛార్జి నిండే కొద్దీ ఒత్తిడి ఎక్కడికి పోతుందో చెప్పలేం. స్ప్రింగులు వరసకి ఒక చివర నాలుగు, మొత్తం ఎనిమిది సరిపోతాయి.

ఏ ఛార్జి మీద ఉండగా బిగిస్తున్నారన్నది అడగాల్సిన ఇంకో ప్రశ్న. “సెల్ ఎంత ఛార్జిలో ఉన్నప్పుడు బిగిస్తారండీ?” అంటే ఈ షాపులో తడుముకోకుండా జవాబు వస్తుంది: వచ్చిన ఛార్జి మీదే, అంటే 30, 40 శాతం దగ్గర. అది సరైన పద్ధతి. బిగించాకే బ్యాలెన్సింగ్ (సెల్స్ అన్నిటినీ ఒకే వోల్టేజికి తేవడం) చేస్తున్నారు, అదీ మెచ్చుకోవాల్సిందే. ముందు బీఎంఎస్‌తో సిరీస్‌లో దాదాపు నిండా ఎక్కించి, ఆ తర్వాత 16 సెల్స్‌నీ పారలల్‌గా కలిపి 3.6 వోల్టుల దగ్గర సమం చేస్తారు. మొదటి నుంచీ పారలల్‌లో పెడితే మొత్తం 4,480 ఆంపియర్ అవర్లు అవుతాయి కాబట్టి, 10 ఆంపియర్ల సప్లైతో 30 శాతం నుంచి నింపడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఆ తొందరలో కొన్ని చోట్ల బ్యాలెన్సింగే ఎగ్గొడతారు.

ప్లేట్ల విషయంలో పేచీ లేదు. 12 మిల్లీమీటర్ల అల్యూమినియం వంగదు. అదే 5, 6 మిల్లీమీటర్ల రేకు పెడితే రాడ్ల దగ్గర అంచులు నొక్కుకుని మధ్యలో విల్లులా లేస్తుంది. సెల్ ఉబ్బేదేమో సరిగ్గా మధ్యలో. ఎవరి ప్యాకైనా సరే, ప్లేటు మీద స్టీలు స్కేలు నిలువుగా ఆనించి చూడండి. స్కేలు కింద నుంచి వెలుతురు కనిపిస్తే ఆ ప్లేటు పనికిరాదు.

సెల్ సెల్‌కీ మధ్య అర మిల్లీమీటరు ఎపాక్సీ షీటు వేస్తున్నారు. ఇది అలంకారం కాదు. సెల్ అల్యూమినియం డబ్బాకి పాజిటివ్ వోల్టేజి దగ్గరి పొటెన్షియల్ ఉంటుంది. పైనున్న నీలం ప్లాస్టిక్ చుట్టు చాలా పలచన, ఒత్తిడిలో చిన్న ఇసుక రేణువు చాలు దాన్ని చీల్చడానికి. రాడ్లకి మాత్రం స్లీవు తొడగలేదు. పక్కనే డబ్బాలు ఉండగా వట్టి ఇనుప రాడ్డు వదలడం తప్పు. హీట్‌ష్రింక్ గొట్టం ఎంతో ఖర్చు కాదు, దగ్గరుండి తొడిగించుకోండి. సెల్స్‌ని కలిపే లోహపు పట్టీలకి, అంటే బస్‌బార్లకి, కోడిగుడ్డు ఆకారం రంధ్రాలు పెట్టారు, వరస సాగినప్పుడు టెర్మినల్ మీద లాగుడు పడదు. అల్లిన రాగి పట్టీ అయితే ఇంకా మేలు.

సెల్ చూసి తీసుకోవడం

షాపు మంచి పని ఒకటి, సెల్స్ బిల్లు, కట్టుబడి బిల్లు విడివిడిగా రాస్తారు. మీరే సెల్స్ తెచ్చి ఇచ్చినా కడతారు. కాబట్టి ప్యాకు మూసేలోపు సెల్స్‌ని చేతిలో పట్టుకుని చూసే వీలుంది. టెర్మినల్ వైపు ఉన్న క్యూఆర్ కోడ్ గీకేసి ఉంటే అక్కడే పక్కన పెట్టేయండి. వెర్నియర్‌తో అంచుల దగ్గరా, ముఖం మధ్యలోనూ మందం కొలవండి. ఈ సైజు సెల్ సుమారు 72 మిల్లీమీటర్లు. బిగించని కొత్త సెల్ మధ్యలో ఒక మిల్లీమీటరు దాకా ఎత్తుగా ఉన్నా ఫర్వాలేదు. రెండు దాటితే తీసుకోకండి. మొత్తం 16 సెల్స్ ఒకే ఛార్జిలో ఉండగా కొలవాలి, లేకపోతే ఆ పోలికకి అర్థం లేదు. అంతలా ఉబ్బిన చోట బొటనవేలితో నొక్కితే లోపలికి వెళ్లి డప్పులా తిరిగొస్తే గ్యాసు, రాయిలా గట్టిగా ఉంటే ఎలక్ట్రోడే ఉబ్బింది. రెండిట్లో ఏదైనా కొత్త సెల్‌లో ఉండకూడదు.

ఇక్కడ షాపు మీద గట్టి అభ్యంతరం. ఉబ్బిన పాత సెల్స్‌ని హైడ్రాలిక్ ప్రెస్సులో చదును చేసి మళ్లీ ప్యాకులో వేసే సర్వీసు కూడా నడుపుతున్నారు. దాని జోలికి పోకండి. మందం తగ్గినంత మాత్రాన లోపల లేచిన పూత అతుక్కోదు, పుట్టిన గ్యాసు మాయం కాదు. పైగా పేరుకున్న లిథియం ముళ్లు సెపరేటర్‌లో దిగే ప్రమాదం. 2022 ఏప్రిల్‌లో ఇదే ఊళ్లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక మనిషి ప్రాణం పోయింది. ఎల్‌ఎఫ్‌పి ఆ మంటల విషయంలో కొంత నెమ్మది రసాయనమే, అంతమాత్రాన చితికిన సెల్‌ని నమ్మమని కాదు. బుడమేరు ముంపులో 2024 సెప్టెంబరులో నీళ్లలో నానిన ప్యాకులకీ ఇదే మాట: బీఎంఎస్ మార్చినంత మాత్రాన అవి కొత్తవి కావు.

ఈ-ఆటోకి కూడా కడతామంటున్నారు. ఇలా చేతితో కట్టిన ప్యాకు విద్యుత్ బండ్ల బ్యాటరీల భద్రతకి పెట్టిన ఏఐఎస్-156 పరీక్షకి వెళ్లినది కాదు. బండికి కంపెనీ ప్యాకే మేలు.

ఇంటికొచ్చాక

ఇన్వర్టరు సెట్టింగ్ తప్పితే ఎంత మంచి సెల్ అయినా ఉబ్బుతుంది. ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీకి పెట్టిన సెట్టింగే ఉంచేస్తే ఈక్వలైజేషన్ (సెల్స్‌ని సమం చేయడానికి అదనంగా ఎక్కించడం) పేరుతో 60 వోల్టుల దాకా ఎక్కించే మెషిన్లు ఉన్నాయి. ఈ ప్యాకుకి 58.4 వోల్టులంటేనే సెల్‌కి 3.65, అది ఆఖరి గీత. బూస్ట్ (నిండా ఎక్కించే వోల్టేజి) 56 దగ్గర, ఫ్లోట్ (నిండాక నిలబెట్టే వోల్టేజి) 53.6 నుంచి 54 మధ్య పెట్టించుకుని ఈక్వలైజేషన్ పూర్తిగా ఆపించండి. కెపాసిటీలో పోయేది చాలా తక్కువ. షాపు మనిషి వచ్చి బిగిస్తాడు గానీ సెట్టింగ్ అడిగితేనే మారుస్తున్నాడు, ఇది వాళ్లు సరిదిద్దుకోవాలి.

బెజవాడ ఎండలో పడమటి బాల్కనీలోనో మేడ మీద రేకుల గదిలోనో ప్యాకు పెట్టొద్దు. వేడిలో నిండా ఛార్జితో కూర్చున్న సెల్‌లోనే రక్షణ పొర వేగంగా మందమెక్కుతుంది. నేలమీద, గాలి తగిలే చోట, గోడకి జానెడు దూరంలో పెట్టాలి. మొదటి పది, ఇరవై సైకిళ్లలో లోపలి పొరలు సర్దుకుంటాయి కాబట్టి స్ప్రింగుల పొడవు ఒకసారి మళ్లీ చూడాలి. షాపు ఒక విజిట్ ఉచితంగా ఇస్తోంది, దాన్ని ఇందుకే వాడుకోండి. వచ్చినప్పుడు అప్పటి పొడవు రాసి ప్యాకు మీద అంటించమనండి. తర్వాత ఏడాదికోసారి అదే ఛార్జి శాతంలో మీరే స్కేలు పెట్టి చూసుకోవచ్చు. ఒక వరసలో స్ప్రింగులు ఏడాదేడాదికీ పొట్టిగా మారుతుంటే ఆ వరసలో సెల్ శాశ్వతంగా ఉబ్బుతోందని అర్థం, బీఎంఎస్‌లో వోల్టేజీ తేడా బయటపడక ముందే తెలుస్తుంది.

స్ప్రింగులు వేయించి, రాడ్లకి స్లీవు తొడిగించి, ‘ఏ’ గ్రేడ్ (ఫ్యాక్టరీ పరీక్షలో నెగ్గిన) సెల్స్ మీరే చూసి తెచ్చుకుంటే ఈ కట్టుబడికి పెట్టిన డబ్బు దండగ కాదు. సెల్స్ కూడా వాళ్ల దగ్గరే తీసుకునేవాళ్లు ‘ఉబ్బదు’ అన్న మాటని బిల్లు మీద ఇంకోలా రాయించుకోండి: ఇన్నేళ్లలో, ఇంత ఛార్జిలో కొలిస్తే, వరస పొడవు ఇన్ని మిల్లీమీటర్లు మించి పెరిగితే సెల్ మారుస్తాం అని. అలా రాయడానికి వాళ్లు ప్రస్తుతం ఒప్పుకోవడం లేదు.